ఎదురు తాడు

ఆగస్టు, 1979. శుక్రవారం.

ఈరోజు సైటులో ఇనుప స్తంభం నిలబెడుతుంటే, ఇటు నుంచి లాగుతున్న మాకు బరువు తగ్గిద్దామని తమ్ముడు ఎదురు వైపు తాడు వదులు చేశాడు. స్తంభం మా మీదికే ఒరిగింది.

"లాగరా ఎదవా! అటు లాగితేనే ఇది నిలబడేది!" అని అరిచాను.

ఇంట్లో నేను చేస్తున్నదీ వాడు చేసిన పనే. పనికోసం వచ్చిన ఈ హిందీ ఊళ్ళో అమ్మాయికి తెలుగు బడి కావాలని మా ఆవిడ, హిందీ బడి కావాలని నేను. గొడవెందుకని నేను నోరు మెదపకపోయేసరికి పిల్ల ఏ బడికీ పోకుండా ఉండిపోయింది.

అన్నాల దగ్గర చెప్పేశాను. "రేపు హిందీ బడిలో చేర్పిత్తాను."

"అయితే ఇంట్లో తెలుగే మాటాడాల. అచ్చరాలు నేను దిద్దిత్తాను" అంది మా ఆవిడ.

"దిద్దించు. నువ్వు వదలకు, నేనూ వదలను."

"క్యా హువా?" అని ఏమైందో అడిగింది పిల్ల, వీధిలో నేర్చిన హిందీలో.

"తెలుగులో అడుగు" అన్నాం, ఇద్దరం ఒకేసారి.