ఎర్రది

నారిన్ కొండల నుంచి,
ఫిబ్రవరి 12.

అమ్మకు సలాం. నాన్న మోకాళ్లకూ, మన గొర్రెలకూ ఈ చలి హాని చేయకూడదని కోరుకుంటూ నీ అసిపా రాస్తున్నది. చేతులు ఇంకా మానలేదు, అందుకే అక్షరాలు వంకర.

మామగారు పోయిన కబురు నీకు అందే ఉంటుంది. ఎలా జరిగిందో నేనే చెప్పాలి.

ఆయన పేరులో ఏ మాట ఉందో నీకు తెలుసు. కోడలు మామ పేరు పలకకూడదు కనుక, పొయ్యిలో వెలిగేదాన్ని కూడా ఆ మాటతో పిలవకూడదు. కాపురానికి వచ్చిన రోజు నుంచీ దాన్ని 'ఎర్రది' అనేదాన్ని. నిరుడు మామగారు కొట్టంలో తొట్టి పాతి, పేడా వంటింటి చెత్తా కలిపి మురగబెట్టి, ఆ గ్యాసును గొట్టంతో పొయ్యికి తెచ్చారు. పిడకల పొగ పోయింది. నీలంగా వెలిగింది. ఆయన పడీ పడీ నవ్వి, "కోడలా, నీ ఎర్రది రంగు మార్చింది! ఇక నీలిది అను" అన్నారు. అలాగే అనేదాన్ని. అత్తగారు మాత్రం, "పేడతో టీ కాయించావు ముసలోడా, రేపు పేడే తాగమంటావేమో" అని దెప్పేవారు.

పోయిన వారం కరెంటు లేదు. కొట్టంలో పేడ ఎత్తుతుంటే కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. చలికి గొట్టం పగిలింది. మామగారు ఒక చేత్తో ఆవు పలుపు, ఒక చేత్తో లాంతరు పట్టుకొని వస్తున్నారు. తేవద్దని అరుస్తూ గుమ్మం వైపు పరుగెత్తాను. ఆయన ఆగి, ఆవును బయట గుంజకు కట్టి, లాంతరుతో లోపలికి వచ్చారు. కొట్టమంతా భగ్గుమంది. ఆసుపత్రి చేరేలోపే పోయారు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు, "నోరు లేదుటే నీకు? కేకెయ్యలేకపోయావా?" అన్నారు. అత్తగారు అడ్డొచ్చి, "దాని కేక ఊరంతా విన్నది. మా ముసలాయనకే చెవుడు" అన్నారు. తొట్టి పూడ్చెయ్యమంటే, "ఆయన చేత్తో కలిపింది. ఎవడు పూడుస్తాడో రమ్మను" అన్నారు. మీ అల్లుడు గోడ బయట నుంచి కొత్త గొట్టం వేశారు. నేనే పొయ్యి దగ్గరికి పోలేకపోతున్నాను.

నీ బిడ్డ,
అసిపా

తా.క.: మామగారికి చెవుడు లేదమ్మా. "మామయ్యా, ఎర్రదాన్ని లోపలికి తేకండి" అని అరిచాను. కంగారులో పాత మాటే వచ్చింది. మా ఆవు ఎర్రది. నా మాట విని దాన్నే బయట కట్టేశారు. అత్తగారు అంతా విన్నారు. ఇవాళ నా చేతిలో పుల్లల పెట్టె పెట్టి, "ఆయనే పోయాడు, ఇంకెవరి కోసం దాస్తావే? ఆ మాట అని వెలిగించు" అన్నారు. నోరు పెగల్లేదు. ఇక్కడ రాస్తున్నాను.

మామయ్యా, నిప్పు తేకండి.