మంచు నిలవని కప్పు

చిన్నత్తయ్యా,

రాత్రంతా మంచు కురిసింది. పొద్దున ఆవుల పాలు పితికి బయటికొస్తే ఊళ్ళో కప్పులన్నీ తెల్లగా ఉన్నాయి, మాదొక్కటే తడిసి నల్లగా ఉంది. మామయ్య కేన్సర్ నొప్పికని మీ అక్కయ్య అటక మీద దీపాల కింద గంజాయి పెంచుతున్నారు కదా, ఆ వేడి. మా ఖ్రోనింగెన్ జిల్లా వైపు పోలీసులు ఇలాంటి కప్పు చూసే తలుపు తడతారు.

అత్తయ్య వెంటనే దీపాలార్పి, కుండీలన్నీ దించి మామయ్య మంచం చుట్టూ పెట్టారు. అంతలో పోలీసు వీబె రానే వచ్చాడు.

"గేసియా పెద్దమ్మా, మంచు మీ ఇంటిని వెలేసిందా?"

"ముసలాయనకి చలి. పొయ్యి నీ జీతంతో వెలిగించలేదులే."

"మరి ఈ వాసన?"

"ఆవులున్న ఇంట్లో అత్తరు వాసనొస్తుందట్రా?"

అతను మామయ్య గది తలుపు దాకా వెళ్ళి, లోపల గురక విని ఆగిపోయాడు.

వీబె పదింటికి వెళ్ళాడు. మామయ్య సాయంత్రం, ఆ మొక్కల మధ్యే, నిద్రలో వెళ్ళిపోయారు.