అమోసుకు లేని గడ్డ

దుర్గాపూర్

రాజకుమారి వదినకు ప్రభువు పేరిట వందనాలు.

మా క్వార్టర్‌లో ఫోన్ మాట్లాడితే గేటు దాకా వినిపిస్తుంది. పిల్లలకు తెలుగు చదవడం రాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. మా ఇంట్లో ఒకరికి గడ్డ లేచింది. ఎర్రగా, వేడిగా ఉంది. ముట్టుకుంటే నొప్పి. బిళ్ళలు మింగినా తగ్గలేదు. ఇక్కడి డాక్టరు కోస్తానంటున్నాడు. భయంగా ఉంది. ప్రార్థనలో పెట్టు.

నీ మరదలు మంగతాయి

తా.క. ఎవరికి, ఎక్కడ అని అడగకు.

విసాపూర్

మంగతాయికి దీవెనలు.

అడగను. మొన్న పెళ్లిలో తమ్ముడు అమోసు కుర్చీ అంచున కూర్చుని తిన్నప్పుడే నాకు అర్థమైంది. గనిలో డంపర్ నడిపేవాళ్లకు అక్కడే లేస్తుంది. ఆముదపాకు వెచ్చచేసి కట్టు. బుధవారం మా స్త్రీల సమాజం మీ ఇంటికి వస్తుంది.

నీ వదిన

తా.క. మెత్తటి దిండు ఒకటి సిద్ధంగా ఉంచు.

దుర్గాపూర్

వదినా, వందనాలు.

సమాజం వచ్చింది. నీ తమ్ముణ్ణి దిండు మీద కూర్చోబెట్టి, చుట్టూ చేరి ప్రార్థించారు. ఆయన కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాడు. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "నాకైతే ఏం లేదు. మరి గడ్డ ఎవరికున్నదే?" అన్నాడు. చెప్పక తప్పలేదు. నాకే, ఎడమ రొమ్ములో.

మరునాడే చంద్రపూర్ తీసుకువెళ్లాడు. డాక్టరమ్మ స్కానింగ్ చేయించి, సూదితో దారప్పోగంత కండ తీసింది. అంత చిన్నదాంట్లో ఏం చూస్తారని అడిగాను. చీము, టీబీ, క్యాన్సర్, ఉట్టి వాపు, పైకి అన్నీ ఒకేలా కనబడవచ్చట. ఏదో తేలకముందే కోస్తే పుండు మానకుండా సతాయిస్తుందట. నాది క్యాన్సర్ కాదు, టీబీ కాదు, వాపే. కోత అక్కరలేదన్నది. మందు రాసిచ్చి, తనను అడగకుండా మానవద్దన్నది. మెల్లగా తగ్గుతోంది.

మంగతాయి

తా.క. ఆదివారం చర్చిలో నీ తమ్ముణ్ణి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, "నాకిప్పుడు ఏం నొప్పి లేదు" అన్నాడు. అబద్ధం కాదు కదా. అందరూ స్తోత్రం అన్నారు.

విసాపూర్

మంగతాయీ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. సూది బాగా నొప్పి పెడుతుందా? ఆలస్యంగా వెళ్తే ఆ డాక్టరమ్మ కోప్పడుతుందా? ఆముదపాకు సంగతి నేను ఊరికే చెప్పలేదు. వానాకాలం నుంచి కట్టుకుంటున్నాను, కుడి రొమ్ముకు. తగ్గలేదు. సోమవారం పొద్దున బస్సుకు వస్తాను. నువ్వు నాతో లోపలికి రావాలి.

నీ వదిన

తా.క. ఎందుకు వచ్చానని ఎవరైనా అడిగితే, తమ్ముడికే మళ్లీ లేచిందని చెప్పు. దిండు ఉంది కదా.