తస్‌బులాక్ స్టేషన్ గురించి నువ్వడిగింది

తస్‌బులాక్,
14 నవంబరు 2004

తమ్ముడు తొలెగెన్‌కి,

అక్క ఉల్‌బోసిన్ దీవించి రాయునది. ఇక్కడ నేనూ, నా పదకొండు గొర్రెలూ క్షేమం. నువ్వూ, మరదలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

రైలు దారికి డెబ్బయ్ అయిదేళ్లు నిండుతున్నాయని మీ రైల్వే ఆఫీసువాళ్లు పుస్తకం వేస్తున్నారనీ, మన స్టేషన్ చరిత్ర రాసి పంపమనీ అడిగావు. రాస్తున్నాను.

మంద పోగొట్టుకున్న తాతయ్య ఇక్కడ పట్టాల కింద వేసే దుంగలు మోశాడు. ఆ తర్వాత వచ్చిన కరువులో రైల్లోంచి ఎవరైనా రొట్టె విసురుతారని జనం ప్లాట్‌ఫారం మీదే కూర్చుని, అక్కడే చచ్చిపోయారు. ఇంకో నాలుగేళ్లకి కొరియావాళ్లని వాళ్ల ఊళ్లలోంచి వెళ్లగొట్టి, రైలు పెట్టెల్లో తెచ్చి ఈ గడ్డి మైదానంలో దింపేశారు. నానమ్మ వాళ్లకి జొన్నరొట్టెలు పంచింది. ఇవి మీ పుస్తకంలో వేయరు. పోనీ, నాన్న ముప్పయ్ నాలుగేళ్లు జెండా పట్టాడని వేయించు.

తొంభై మూడు శరదృతువులో ఇక బండి ఆగదని కాయితం అంటించి పోయారు. ఫిబ్రవరిలో అమ్మకి గుండె పట్టేసింది. కొడుకు కావాలని నాకు ‘ఈసారి మగపిల్లాడు’ అనే అర్థమొచ్చే పేరు పెట్టి, తర్వాత నిన్ను కన్న అమ్మ. రోడ్డంతా మంచు. నేను పట్నానికి ఫోన్ చేసి బండి ఒక్క నిమిషం ఆపమని బతిమాలాను. ‘ఆ స్టేషన్ మా కాయితాల్లో లేదమ్మా, లేనిచోట ఎలా ఆపమంటావ్?’ అన్నాడు అవతలివాడు. బండి రాకముందే అమ్మ పోయింది.

పోయేముందు రోజుల్లో రైలొస్తే నాన్న లోపలికెళ్లి తలుపేసుకునేవాడటగా, మతి చెడిందేమో అని రాశావు. అది చదివి రెండు రోజులు ఈ ఉత్తరం ముట్టుకోలేదు.

ఉంటాను.
మీ అక్క,
ఉల్‌బోసిన్

తా.క.: బండి రాకముందే అమ్మ పోయిందన్నది అబద్ధం. అప్పుడూ అదే చెప్పాను, పైనా అదే రాశాను. అమ్మని ఉన్ని దుప్పట్లో చుట్టి, మంచుబండి మీద ప్లాట్‌ఫారానికి తీసుకెళ్లాం. జెండా పట్టే హక్కు పోయినా నాన్న ఎర్రజెండా ఎత్తి నిలబడ్డాడు. బండి ఇంకా మలుపు తిరగకముందే నీ ఇంజను కూత వినిపించింది, రెండు పొట్టివి, ఒక పొడుగుది. నువ్వు తప్ప ఇంకెవరూ అలా కూయించరు. అమ్మ తల ఎత్తింది. ‘మనవాడి బండి. జెండా దించవయ్యా. మొన్న ఎక్కడో ఊరికే బండి ఆపాడని ఒక డ్రైవర్ని పీకేశారట. వీడికి చంటిపిల్ల ఉంది’ అంది. నాన్న కదల్లేదు. ‘నీకే చెప్పేది’ అని మళ్లీ అంది. నాన్న ఎర్రది దించి పచ్చది చూపించాడు. కిటికీలోంచి నువ్వు చెయ్యూపి వెళ్లిపోయావు. ‘ఒళ్లు చేశాడు’ అంది అమ్మ. మంచుబండిని ఇంటివైపు తిప్పేలోగా ప్రాణం పోయింది.

ఆ ఎర్రజెండా నీ కంటపడి ఉంటే ఆపేవాడివా? దీనికి మాత్రం జవాబు రాయకు.