నల్ల కాగితం మీద కందపువ్వు

వనపర్తి, 18 మే 1941

తంగేడు, మోదుగ, మల్లె. నేను వేసిన మూడు బొమ్మల కిందా తోడికోడలు సుగుణక్క పేరే. విధవ పేరు పువ్వు కింద ఉంటే ఇంటికి అరిష్టమట. విధవ వేసిన పువ్వు హాల్లో వేలాడితే మాత్రం ఏమీ కాదట. థూ.

మా ఆయన డ్రాయింగ్ మాస్టరు. పోతూ నాకు మిగిల్చింది బ్రష్షులు, ఈ పని. దీపపు మసిలో తుమ్మబంక కలిపి కాగితానికి పూయాలి. నలుపు మీద నీడ వేయనక్కరలేదు, వెలుగు వేస్తే చాలు అనేవారు. ఒక్క బొమ్మ మీదైనా నా పేరు చూసుకోవాలని ఉంది.

21 మే

బావగారికి కల్లు దుకాణాల గుత్త ఇచ్చే ఆబ్కారీ ఆఫీసర్ శనివారం భోజనానికి వస్తాడట. ఆయన ఎన్నడూ చూడని పువ్వు వేసివ్వాలట. బావగారు గడప అవతలే నిలబడి చెప్పి వెళ్లారు. పొద్దున్నే నా ముఖం చూడరు. నా చెయ్యి కావాలి.

22 మే

తొలి వానకు పెరట్లో, పెంటకుప్ప పక్కన కంద పూసింది. పనిమనిషి జోగులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సచ్చిన కుక్క తీరు కంపు కొడ్తున్నదమ్మా, జర దూరం కూసో అన్నది. ఇంట్లోవాళ్లు నిజంగానే కుక్క చచ్చిందనుకుని తలుపులు వేసుకున్నారు.

నేను దగ్గరే కూర్చున్నాను. ఈగలు దాని మీద, నా మీద. రెండుసార్లు వాంతయింది. అయినా వేశాను. ఎండిన నెత్తురు రంగు, ముడతల అంచు, మధ్యలో గడ్డ. ఇంత మంచి బొమ్మ నేనెప్పుడూ వేయలేదు. కింద రేణుక అని రాశాను.

24 మే

సుగుణక్క లాంతరు మసి వేలితో తీసి నా పేరు మీద పూసింది. బంక కలపకపోతే మసి నిలవదని కూడా తెలియదు. దానికి కాస్త పైగా తన పేరు రాసుకుంది. అద్దం కట్టించే వ్యవధి లేక అట్టకు అతికించి ఇచ్చారు.

ఆఫీసర్‌కు తెగ నచ్చిందట. వాసన ఎలా ఉంటుందని అడిగాడట. మొగలిపువ్వు తీర్గ ఉంటది సార్, దిండు పక్కన పెట్టుకొనే గీసిన అన్నదట సుగుణక్క. మొక్క కూడా కావాలన్నాడట, పడకగదిలో పెట్టుకోవడానికి. పెరట్లో ఇంకో మొగ్గ ఉంది.

కంపు సంగతి చెప్తవా అమ్మా అని జోగులమ్మ అడిగింది. నన్నెవరు అడిగారు అన్నాను.

25 మే

కుండీ వెళ్లింది. తడి గోనె నేనే చుట్టాను.

29 మే

మొన్న రాత్రి మొగ్గ విచ్చిందట. ఎలుక చచ్చిందని ఆఫీసర్ ఇల్లంతా వెతికించాడట. తెల్లారి బావగారిని పిలిపించి, ఆ బొమ్మ ముందే నిలబెట్టి తిట్టాడట. మా ఇంటిదానికి ఏం తెల్వదు సార్, గిది మా తమ్ముని పెండ్లాం పని అని, బావగారే బొటనవేలితో మసి తుడిచి నా పేరు చూపించారట. సుగుణక్క పేరు అక్కడికక్కడే గోటితో గీకేశారట. వెంట వెళ్లిన బండి తోలే బాలయ్య చెప్పాడు. గుత్త పోయింది.

మొగలిపువ్వు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. బాగున్నన్నాళ్లూ పువ్వు ఆవిడది, కంపు కొట్టాక నాది. వీళ్ల అన్నం తింటున్నందుకు నా మీద నాకే రోత పుడుతోంది. మధ్యాహ్నం తినలేదు.

30 మే

బొమ్మ తిరిగొచ్చింది. హాల్లో వద్దన్నారు. నా గదిలో మేకు కొట్టాను. నా పేరు పక్కనే బావగారి మసి వేలిముద్ర ఉంది. తుడవను.