ప్రార్థన చేసిన చక్రాలు

రాజోలు,
బుధవారం.

ప్రియ కుమారుడు జీవన్‌కు నాన్న దీవెనలు.

ప్రభువు కృపవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. క్షేమంగా లేనిది నీ కారొక్కటే. ఫోన్లో చెబితే నువ్వు నవ్వేస్తావు, నేను మాట మింగేస్తాను. అందుకని కాగితం పట్టుకున్నాను. రెండు మాటలు రాయడం, లేచి షెడ్డులోకెళ్ళి ఆ స్పోర్ట్స్ కారు చుట్టూ తిరిగి రావడం, పొద్దుటినుంచీ ఇదే పని.

కిందటి ఉత్తరంలో అడిగేవు, పద్దెనిమిది అంగుళాల చక్రాలు వచ్చేయా అని. వచ్చేయి. అందంగానే ఉన్నాయి. పెళ్ళినాడు హేమను చర్చి నుంచి ఆ కారులోనే తీసుకురావాలన్న ముచ్చట నాకూ ఉంది. ఆఫ్‌సెట్ గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివేను, వీడియోలు చూసేను. చక్రం మధ్యగీతకీ, అది ఇరుసు చివరి హబ్బుకి ఆనుకునే ముఖానికీ ఉన్న దూరం. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. కంపెనీవాళ్ళు నలభై ఐదు మిల్లీమీటర్లు పెడితే, టైరు తన పైనుండే ఫెండరు రేకు అంచుతో సమంగా కనబడాలని నువ్వు ముప్ఫై అడిగేవు. పైగా వెడల్పు కూడా పెంచేవు. రథాలను కాదు, దేవుణ్ణి నమ్ముకోమనే వాక్యం చిన్నప్పుడే నీకు కంఠతా పట్టించేను. అయినా తెప్పించేను.

ముందు ఒక్క చక్రం బిగించి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి చూడమన్నావు. బిగించేను. మనుషుల్ని కూర్చోబెట్టలేదు. ఖాళీ కారుకి వేలు దూరేటంత సందు కనబడింది, చాలనుకున్నాను.

మన సంఘంలో కొత్త బండి ఏదొచ్చినా ప్రార్థన కాకుండా రోడ్డెక్కదు గదా. ఆదివారం నాలుగు చక్రాలూ చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టించి నూనె రాసేను. చక్రంలో చక్రం తిరగడం చూసిన ప్రవక్త దర్శనం మీద ప్రసంగం చేసేను. ఆవేశంలో, ఈ చక్రాలు దేనికీ తగలవు, ఎక్కడా తొట్రిల్లవు అని సంఘమంతటి ముందూ ప్రకటించేసేను. అందరూ ఆమేన్ అన్నారు.

సోమవారం నాలుగూ బిగించేను. పెళ్ళికారులో వెనక మేనత్త కూర్చోవాలి గదాని మీ ఇందిరత్తనీ, తోడుగా సంఘ పెద్ద భాస్కరరావు గారినీ ఎక్కించుకుని పి.గన్నవరం వైపు బయలుదేరేను. గట్టు రోడ్డు మలుపులో గుంట తగిలింది. వెనక గర్రుమంది, రబ్బరు వాసనొచ్చింది. దిగి చూస్తే ఫెండరు అంచు టైరు పక్కని చాకుతో గీసినట్టు కోసేసింది.

అత్త బరువుకేమో అన్నాను.

"నా బరువు నీకు ఇవాళ కొత్తగా తెలిసిందా అన్నయ్యా?" అంది.

భాస్కరరావు గారు గొంతు తగ్గించేరు. "ప్రార్థన చేసిన చక్రాలండి బ్రదర్ గారూ. ఇప్పుడు విప్పితే జనం మీ మాటని ఏమనుకుంటారండి? అంచు లోపలికి కొట్టేద్దామండి. ఎవరికీ తెలీదండి."

ఇక్కడిదాకా రాసి మళ్ళీ షెడ్డులోకెళ్ళొచ్చేను. నీకు చెప్పవలసింది ఇదీ నాన్నా. ఇంటికొచ్చి సుత్తి తీసేను. కొట్టేను కూడా. ఎడమ వెనక ఫెండరు మీద రంగు లేచింది, వచ్చినప్పుడు కనబడుతుంది. ఇంకో దెబ్బకి చెయ్యెత్తి ఆగిపోయేను. అంచు వంచితే గీరుకోవడం ఆగుతుందేమో, ఇంకా పెద్ద గుంటలో టైరు ఏమవుతుందో నాకు తెలీదు. నా మాట నిలబడాలని నిన్నూ ఆ పిల్లనీ దాంట్లో కూర్చోబెడుతున్నాను. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన మాట ఎన్ని ఊళ్ళలో చెప్పేనో. నేను కూర్చోలేదు. నూనె బుడ్డి పట్టుకుని నిలబడ్డాను.

పాత పదిహేడు అంగుళాలవే తిరిగి బిగించేసేను. పెళ్ళికి అవే. తరవాత పద్దెనిమిదే కావాలంటే వెడల్పు తగ్గించి, ఆఫ్‌సెట్ నలభైకి తగ్గకుండా చూసుకో. సీట్ల నిండా మనుషుల్ని ఎక్కించి చూడు.

ఈ ఆదివారం ఆ చక్రాలు మళ్ళీ అదే బల్ల ముందు పెడతాను, కోసుకుపోయిన టైరు జనం వైపు తిప్పి. నువ్వొచ్చేదాకా ఆగమంటున్నారు భాస్కరరావు గారు. ఆగితే దాచేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇది ఇప్పుడే పోస్టులో వేసేస్తున్నాను. నీకు తెలిసిపోయాక ఇంక నేను వెనక్కి తిరగడానికి లేదు.

ఇట్లు,
ఇకమీదట కొలిచి ప్రార్థించే
మీ నాన్న,
సుందరరావు