పప్పు ఉడకని చోట జీపు

ఏలూరులో ఉన్న అక్కయ్య గారికి తమ్ముడు వెంకటరత్నం నమస్కారాలు. మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారు పొద్దున్నే కాలవగట్టు దాకా నడుస్తున్నారా, నడిచానని చెబుతున్నారా? ఇక్కడ మేం క్షేమమేనండి. ఆ మాట ముందే రాసేస్తే మిగతాది చదివి మీరు కంగారుపడరని రాశాను.

వరలక్ష్మికి నెలలు నిండాయి. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. తల్లి పోయాక మీ చేతుల మీద పెరిగిన పిల్ల, మీ ఇంటికే రావాలి. అంత దూరం రైల్లో కదలకూడదని డాక్టరమ్మ అనేసరికి, పుట్టిల్లే తాడేపల్లిగూడెంలో షెడ్డుకు తాళం వేసుకుని ఈ నీలగిరి కొండలకు వచ్చింది. పుట్టిల్లంటే నేనే కదా. అల్లుడు రాఘవరావు గుమాస్తాగా ఉన్న టీ తోటలోనే నాకు జీపు నడిపే పని దొరికింది. అరవం రాదు గనక ఇంట్లోవాళ్ళతో, జీపుతో తప్ప ఎవరితోనూ మాట్లాడను. చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతోంది. అయినా బాగానే ఉన్నానండి, బెంగపడకండి.

నా బెంగంతా జీపు గురించే. ఆస్పత్రి ఊటీలో ఉంది. తోట నుంచి దారంతా ఎత్తుకు ఎక్కడమే. బస్సు మా వైపు రాదు. తోట మొత్తానికి ఉన్న బండి ఇదొక్కటే. అది తోటలో బుద్ధిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ నల్లపొగ కక్కి, ఊరింకా కనిపించకముందే ఆగిపోతుంది.

జీపులు నాకు కొత్త కాదు. యుద్ధం రోజుల్లో గూడెంలో విమానాల మైదానం వేసినప్పుడు మిలిటరీవాళ్ళ బళ్ళ కింద పడుకుని నేర్చుకున్నదే నా చదువంతా. అప్పుడొక జీపు గణపవరం దారిలో చేలో దిగబడితే, లాగడానికి తెచ్చిన ఎడ్లు దాని హారనుకు బెదిరి కామందు గారి పెళ్ళి పందిట్లో దూరాయి. సరే, ఆ కథ మీరు చాలాసార్లు విన్నారు.

గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటరు. అందులో ఒక సూది ఉంటుంది. దాన్ని లేపితే పెట్రోలు ఎక్కువ పారుతుంది, దించితే తగ్గుతుంది. మన పల్లపు దేశంలో బండి నీరసిస్తే పెట్రోలు చాలడం లేదని సూది లేపుతాం. ఇక్కడా అదే చేశాను. పొగ పెరిగింది. ఇంకాస్త లేపాను. ఈసారి ఇంకా కింది మలుపులోనే ఆగిపోయింది. ఆ మంచులో ఒక్కణ్ణే నిలబడి, వెనకసీట్లో పిల్ల నొప్పులు పడుతూ ఉంటే ఏం చేసేవాణ్ణి అనుకున్నాను.  

ఆ సాయంత్రం అన్నానికి కూర్చుని పప్పు పలుకుగా ఉందని గొణిగాను. వరలక్ష్మికి కోపం వచ్చింది. "మధ్యాహ్నం నుంచీ ఉడుకుతూనే ఉంది నాన్నా. ఇక్కడ గాలి పలచనట, ఎంత మంట పెట్టినా మెత్తబడదట. మీ అల్లుడు గారు చెప్పారు. చెప్పడమే గానీ పొయ్యిలో ఓ పుల్ల ఎగదోయరు" అంది.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. గాలి పలచనైతే జీపు పీల్చేదీ ఆ పలచని గాలే, పైకి పోయేకొద్దీ ఇంకా పలచన. పెట్రోలు తగ్గించాల్సింది పోయి, ఊపిరాడనివాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కుతున్నాను.

మర్నాడు సూది దించాను. మరీ దించానేమో, తుమ్ముతూ ఆగింది. కొద్దిగా లేపాను. వెనక పరుపు వేసి, వరలక్ష్మికి బదులు అల్లుణ్ణి పడుకోబెట్టి బయలుదేరాను. "మామయ్య గారూ, కాస్త నెమ్మదిగానండి" అని మలుపు మలుపుకూ మూలిగాడు. నొప్పులు ఆయనకే వచ్చాయేమో అనిపించింది. ఊటీ చేరాం. సంతోషంతో ఇంకోసారి వెళితే మధ్యలో ఆగి, చల్లారాక కదిలింది. ఎందుకాగిందో ఇంకా తెలియలేదక్కయ్యా. అన్నం సహించడం లేదు.

ఇవాళ వరలక్ష్మి నన్ను కూర్చోబెట్టింది. "కథలు చెప్పకండి నాన్నా. బండి ఎక్కుతుందా?"

"రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆగింది."

పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అయితే నొప్పులు వచ్చేదాకా కూర్చోవడం ఎందుకు? రేపు పొద్దున్నే పోదాం. ఆగిందనుకోండి, రోడ్డు పక్కన పులిహోర తింటూ కూర్చుంటాం. నొప్పుల్లో అయితే తినలేను" అంది.

ఇన్నాళ్ళూ సూదిని పట్టుకు వేళ్ళాడాను గానీ, నాకీ మాట తోచలేదు. అల్లుడు తోట ఆఫీసు ఫోనులో, పురుడయ్యేదాకా ఉండడానికి ఆస్పత్రి పక్కనే ఒక గది మాట్లాడాడు. 

మీ పాత నేతచీరలు నాలుగు, బాలింతకు కాయం, కాస్త వాము పార్సెలు చేయించండి. పసిగుడ్డుకు ఇక్కడి బట్ట గరుకు. చిన్నతిరుపతి వైపు తిరిగి మీరొక దణ్ణం పెట్టండి, నాది లెక్కలోకి వస్తుందో రాదో. బావగారికి నా నమస్కారాలు. పిల్లను మనసారా దీవించండి.

ఈ ఉత్తరం ఇక్కడి పెట్టెలో వెయ్యను. జేబులో పెట్టుకుని రేపు ఊటీలో వేస్తాను. కవరు తిప్పి ముద్ర చూడమని బావగారితో చెప్పండి. ఊటీ ముద్ర ఉంటే మన పిల్ల ఆస్పత్రికి చేరినట్టే.

మీ తమ్ముడు,
వెంకటరత్నం